ఏడు వేల కుట్ల బొంత

మీ ఇంట్లో బొంత ఉందా? అటక మీదో, ట్రంకు పెట్టెలోనో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎవరు కుట్టారో ఇంట్లో అడగండి. అమ్మ కుట్టి ఉంటుంది. లేకపోతే నాయనమ్మ. లేదంటే కూలి ఇచ్చి కుట్టించి ఉంటారు.

బొంత కింద పరుచుకుంటాం. చలికి పైన కప్పుకుంటాం. పసిబిడ్డను దాని మీద పడుకోబెడతాం. చుట్టాలు వస్తే నులక మంచం మీద వేస్తాం. బాగా పాతబడితే గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి పడేస్తాం. కానీ ఒక బొంతకు ఎన్ని కుట్లు పడతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎన్ని గంటలు పడుతుందో చూశారా?

బొంతలు కుట్టే ఒక పెద్దమ్మ ఆ లెక్క వేసింది. ఆమె గురించే ఈ పాఠం.

పెద్దమ్మ ఇల్లు

గోదావరి జిల్లాలో కాలవ గట్టున ఒక ఊరు. ఊరి చివర పెంకుటిల్లు. ముందు పెద్ద అరుగు. ఆ ఇంట్లో ఉండే ఆమెను ఊరంతా బొంతల పెద్దమ్మ అంటారు. అసలు పేరు ఓటరు కార్డులో ఉంది. పిలిచేవాళ్లు లేరు.

పెద్దమ్మకు అరవై రెండేళ్లు. పెద్దయ్య పోయి చాలా కాలమైంది. కూతుళ్లు ఇద్దరూ అత్తారిళ్లలో ఉన్నారు. పండక్కి వస్తారు. రోజూ ఇంట్లో ఉండేది పెద్దమ్మ, రెండు పిల్లులు. ఒకటి నల్లది. ఒకటి చారలది. వాటికీ పేర్లు లేవు. నల్లదాన్ని "నల్లదానా" అనీ, చారలదాన్ని "ఏమే" అనీ పిలుస్తుంది. రెండూ పలుకుతాయి.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, పాలు కాస్తుంది. పిల్లులకు చిప్పలో కాసిని పోస్తుంది. ఎనిమిదింటికి అరుగు మీద చాప వేస్తుంది. పదింటి దాకా కుట్టు. తర్వాత అరుగు మీదికి ఎండ వస్తుంది. అప్పుడు లేచి వంట చూసుకుంటుంది. మళ్లీ మూడింటి నుంచి ఐదింటి దాకా కుట్టు. దీపం పెట్టాక సూది ముట్టదు. "రాత్రి కుట్టిన కుట్టు పొద్దున్న విప్పుకోవాలి" అంటుంది. ఆమె మాటలో పట్టింపు కన్నా చూపు సంగతే ఎక్కువ.

రాత్రి ఏడింటికి పలక పట్టుకుని రాత్రి బడికి వెళుతుంది.

బొంత ఎలా కుడతారు

బొంతకు పాత నేత చీర కావాలి. నూలు చీర ఎంత ఉతికితే అంత మెత్తబడుతుంది. చెమట పీలుస్తుంది. ఇప్పుడు ఇళ్లలో నూలు చీరలు తక్కువ. పాలిస్టర్ చీరలు ఎక్కువ. పాలిస్టర్ చీర జారిపోతుంది, పొరలు నిలవవు. చెమట పీల్చదు. పైగా నిప్పు రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పసిబిడ్డ బొంతకు అది అసలు పనికిరాదు. ఉన్న నాలుగు నూలు చీరలనూ స్టీలు సామాన్ల వాడికి వేసి గిన్నె తీసుకునే వాళ్లను చూస్తే పెద్దమ్మకు ఒళ్లు మండుతుంది. "గిన్నె కప్పుకుని పడుకుంటారా?" అంటుంది.

ముందు చీరకు ఫాల్ ఉంటే ఊడదీయాలి. వేడినీళ్లలో సబ్బు వేసి నానబెట్టి ఉతకాలి. మంచి ఎండలో ఆరేయాలి. మూలన పడి ఉన్న గుడ్డల్లో దుమ్ము, నల్లులు ఉంటాయి. ఉతక్కుండా కుడితే అవన్నీ బొంతలోనే ఉండిపోతాయి.

ఇప్పుడు కొలత చూడండి. మామూలు చీర పొడవు సుమారు 18 అడుగులు. పన్నా సుమారు 4 అడుగులు. చీరను మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 6 అడుగులు. అంటే ఒక చీరకు మూడు పొరలు. రెండు చీరలకు ఆరు పొరలు. ఎక్కడా కత్తెర పెట్టే పని లేదు. మనిషి పొడుగుకు సరిపోయే బొంత వస్తుంది. చిరిగిన చోటు ఉంటే అది లోపలి పొరలోకి పోయేట్టు మడత వేయాలి. బాగున్న చోటు పైకి రావాలి. ఈ తెలివి ఏ పుస్తకంలోనూ దొరకదు. చీరను అరుగు మీద పరిచి, అటూ ఇటూ నడిచి, ఒక్క చూపులో పెద్దమ్మ తేల్చేస్తుంది.

పొరలన్నీ ముడతలు లేకుండా పరుస్తుంది. నాలుగు మూలలా నాలుగు బరువులు పెడుతుంది. ఒక రోకలి, ఒక ఇత్తడి చెంబు, ఒక ఇటుక. నాలుగో బరువు వెతికేలోపే నల్లపిల్లి వచ్చి ఆ మూల పడుకుంటుంది. "ఉండవే, నువ్వే నా నాలుగో రాయివి" అంటుంది పెద్దమ్మ.

తర్వాత టాకాలు. అంటే పెద్ద పెద్ద కుట్లు. పొరలు కదలకుండా ముందు వీటితో పట్టి ఉంచాలి. నడుమ నుంచి అంచుల వైపు వేసుకుంటూ పోవాలి. అలా వేస్తే ముడత బయటికి పోతుంది. అంచుల నుంచి లోపలికి వేసుకొస్తే ముడతంతా నడుమకు చేరి పొట్టలా లేస్తుంది. ఆ పొట్టను ఎవరూ సరిచేయలేరు.

టాకాలు అయ్యాక అసలు కుట్టు మొదలు. దారం రెండు పేటలు. పెద్ద సూది. నడిమి వేలికి రేకు తొడుగు. సూది పైనుంచి కిందికి, కింది నుంచి పైకి, వరుసగా. ఒక వరస అయితే ఒక అంగుళం ఎడం వదిలి ఇంకో వరస. చివర నాలుగు వైపులా అంచు లోపలికి మడిచి కుడుతుంది. అప్పుడు టాకాలు లాగేస్తుంది.

ఇన్ని వరసలు ఎందుకు? వరసలు దూరంగా ఉంటే, ఉతికినప్పుడు లోపలి పొరలు ఉండ కడతాయి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం వస్తుంది. దగ్గర కుట్టు బొంతను ఏళ్ల తరబడి నిలబెడుతుంది. ఇంకో సంగతి. పొరకూ పొరకూ మధ్య కొంచెం గాలి నిలుస్తుంది. ఆ గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే ఒక మందపాటి దుప్పటి కన్నా ఆరు పల్చటి పొరలు వెచ్చగా ఉంటాయి.

రొట్టె కాలేలోపు

పెద్దమ్మ ఇంట్లో గోడ గడియారం ఉంది. అది ఎప్పుడో ఆగిపోయింది. ఆమె గడియారం కుంపటి మీద ఉంటుంది. దాని పేరు దిబ్బరొట్టె.

దిబ్బరొట్టె మీకు తెలిసిందే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నాననిచ్చి, గట్టిగా రుబ్బాలి. రవ్వ కడిగి, నీళ్లు పిండేసి, పప్పులో కలపాలి. ఉప్పు, జీలకర్ర వేయాలి. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె పోసి, రెండు అంగుళాల మందాన పిండి వేయాలి. పైన పళ్లెం మూయాలి. పళ్లెం మీద నిప్పులు వేయాలి. కింద నిప్పు, పైన నిప్పు. నడుమ రొట్టె. పెద్దమ్మ కొబ్బరి చిప్పల నిప్పులే వాడుతుంది. అవి ఎక్కువసేపు కణకణలాడతాయి.

ఈ రొట్టెకు తొందర పనికిరాదు. మంట ఎక్కువైతే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. సన్నని సెగ మీద అరగంట పడుతుంది. పైన ఎర్రగా, కరకరలాడుతూ ఉంటుంది. లోపల దూదిలా ఉంటుంది. ఆవకాయతో తింటారు. బెల్లం పాకంతో తింటారు. పెద్దమ్మకు పాకమే ఇష్టం. అరవై దాటినా తీపి మీద మనసు పోలేదు. నిప్పుల కుంపటి మాత్రం గాలి ఆడే చోటే పెట్టాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణం తీస్తుంది. పెద్దమ్మ కుంపటి ఎప్పుడూ పెరటి వసారాలోనే ఉంటుంది.

పళ్లెం మీద నిప్పులు వేసి వచ్చి పెద్దమ్మ సూది పడుతుంది. ఒక వరస అవుతుంది. రెండో వరస చివరికి వచ్చేసరికి వసారా నుంచి కమ్మటి వాసన వస్తుంది. లేచి వెళ్లి రొట్టె దించుతుంది. ఎన్నో ఏళ్లుగా ఇదే లెక్క. ఒక రొట్టెకు రెండు వరసలు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. దీనితో తర్వాత పని ఉంది.

పిల్లులు

పాత గుడ్డలు ఉన్న చోటికి ఎలుకలు వస్తాయి. ఎలుక ఒక్క రాత్రిలో చీర మడతలన్నిటికీ చిల్లు పెడుతుంది. ఊరివాళ్లు నమ్మి ఇచ్చిన చీరలు అవి. అందుకే పెద్దమ్మ పిల్లులను సాకుతోంది. వాటికి ఊరికే పాలు పోయడం లేదు. అవి కాపలా కాస్తున్నాయి.

పిల్లి ఈనే ముందు మెత్తటి చోటు వెతుక్కుంటుంది. పెద్దమ్మ ఇంట్లో దానికి కొదవా? ఒకసారి చారలది గుడ్డల మూటలో నాలుగు పిల్లలను పెట్టింది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని అంటారు కదా. ఇది ఎక్కడికీ తిప్పలేదు. ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదని దానికీ తెలుసు. పది రోజులకు పిల్లలు కళ్లు తెరిచాయి. అవి నడిచి బయటికి వచ్చేదాకా ఆ మూట విప్పలేదు పెద్దమ్మ. బొంత ఇవ్వాల్సిన వాళ్లకు ఆలస్యం అవుతుందని చెప్పింది. "పిల్లి కోసం ఆపావా పెద్దమ్మా!" అని వాళ్లు నవ్వారు.

పిల్లులున్న ఇంట్లో కుట్టుపని చేసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పిల్లికూనలకు దారం కనిపిస్తే ఆటే. ఆడుతూ మింగేస్తాయి. దారం పేగుల్లో చుట్టుకుంటే పిల్లి బతకదు. నోటి నుంచి దారం వేలాడుతుంటే పట్టుకుని లాగకూడదు. లోపల పేగులు తెగుతాయి. పశువుల డాక్టరుకు చూపించాలి. సూది సంగతి చెప్పక్కర్లేదు. పసిపిల్లలకూ అదే ప్రమాదం. పెద్దమ్మ రోజూ పని మొదలుపెట్టగానే గోడ మీద సుద్దముక్కతో రాస్తుంది. "3 తీశాను." పని అయ్యాక లెక్కపెట్టి పక్కనే రాస్తుంది. "3 పెట్టాను." ఆమె నేర్చుకున్న అంకెలు మొదట అక్కరకు వచ్చింది ఇక్కడే.

పిల్లి కరిచినా, గీరినా తేలికగా తీసుకోకూడదు. కుక్క నుంచే కాదు, పిల్లి నుంచి కూడా రేబిస్ జబ్బు రావచ్చు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. ముందే టీకా వేయించుకుంటే మాత్రం రాకుండా ఆపవచ్చు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు ఏయే రోజుల్లో రమ్మంటే ఆయా రోజుల్లో వెళ్లి టీకాలన్నీ పూర్తి చేయాలి. ఒకటి వేయించుకుని మానేస్తే లాభం లేదు.

సూదిలో దారం

నలభై ఏళ్లు దాటాక దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి. దీన్ని చత్వారం అంటారు. ఇది జబ్బు కాదు. వయసుతో అందరికీ వచ్చేదే. పెద్దమ్మకూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించమని బడి పిల్లలను బతిమాలేది. పిల్లలు బడికి పోతే పని ఆగిపోయేది. పలక మీద అక్షరం కూడా అలుక్కుపోయినట్టు కనిపించేది. "నాకు చదువు రాదమ్మాయ్, నా బుర్ర మట్టి" అని రాత్రి బడి మానేయబోయింది.

చదువు చెప్పే అమ్మాయి ఆమెను కంటి పరీక్షకు తీసుకెళ్లింది. అద్దాలు పెట్టించింది. అద్దాలు పెట్టుకుని పెద్దమ్మ మొదట పలక చూడలేదు. సూది చూసింది. ఒక్కసారికే దారం ఎక్కించింది. ఆ తర్వాత తన పాత బొంత ఒకటి తెచ్చి, వెలుతురులో పెట్టి, కుట్లు చూసుకుంది. "ఇంత వంకరగా కుట్టానా!" అంది.

మీలో ఎవరికైనా అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయా? బుర్రను తిట్టుకోవద్దు. కళ్లు చూపించుకోండి.

లెక్క

ఒక రాత్రి బడిలో గుణకారం పాఠం జరుగుతోంది. అమ్మాయి అడిగింది.

"పెద్దమ్మా, ఒక బొంతకు ఎన్ని కుట్లు పడతాయి?"

"ఆకాశంలో చుక్కలెన్నో చెప్పు, చెబుతాను."

"చుక్కలు లెక్కపెట్టలేం. కుట్లు లెక్కపెట్టొచ్చు. ఒక అంగుళంలో ఎన్ని?"

పెద్దమ్మ బొంత మీద స్కేలు పెట్టి చూసింది. అంగుళానికి రెండు కుట్లు. అడుగుకు 12 అంగుళాలు. అంటే అడుగుకు 24 కుట్లు.

బొంత పన్నా 4 అడుగులు. అంటే 48 అంగుళాలు. అంగుళానికి ఒక వరస చొప్పున అంచుల మధ్య 47 వరసలు పడతాయి. ఒక్కో వరస 6 అడుగులు.

47 × 6 = 282 అడుగులు.

చుట్టూ అంచు కుట్టు. 6 + 4 + 6 + 4 = 20 అడుగులు.

282 + 20 = 302 అడుగులు.

లెక్క తేలికగా ఉండాలని 300 అడుగులు అనుకున్నారు. అడుగుకు 24 కుట్లు.

300 × 24 = 7200 కుట్లు.

బడిలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దమ్మ పలక మీద ఆ అంకె మళ్లీ రాసింది. ఏడు వేల రెండు వందలు. తన చేతివేళ్లు చూసుకుంది. రేకు తొడుగు ఒత్తుకుని కాయ కట్టిన వేలు చూసుకుంది.

"సరే, ఎంతసేపు పడుతుంది?" అని ఒకామె అడిగింది.

ఇక్కడ రొట్టె అక్కరకు వచ్చింది. ఒక రొట్టెకు అరగంట. అరగంటకు రెండు వరసలు. 300 అడుగులంటే 50 వరసలకు సమానం. 50 వరసలకు 25 రొట్టెల సమయం. అంటే 25 అరగంటలు. అంటే 12½ గంటలు. ఉతకడానికీ, ఫాల్ ఊడదీయడానికీ గంటన్నర. పరిచి, టాకాలు వేయడానికి రెండు గంటలు.

12½ + 1½ + 2 = 16 గంటలు.

రోజుకు ఎనిమిది గంటలు పని అనుకుంటే, ఒక బొంతకు రెండు రోజుల పని. పెద్దమ్మ రోజుకు నాలుగు గంటలు కుడుతుంది. ఆమెకు నాలుగు రోజులు పడుతుంది.

అప్పటిదాకా పెద్దమ్మ ఒక బొంతకు 250 రూపాయలు తీసుకునేది. చీరలు ఇచ్చినవాళ్లవి. దారం, సూది ఆమెవి. వాటికి 40 రూపాయలు. మిగిలేది 210. దాన్ని 16 గంటలకు పంచితే గంటకు 13 రూపాయలు, పైన కొద్ది పైసలు.

"గంటకు పదమూడా?" అంది పెద్దమ్మ. "టీ తాగితే సరి."

రోజు కూలి 300 రూపాయలు అనుకుందాం. రెండు రోజులకు 600. దారం 40. మొత్తం 640 రావాలి. ఆమెకు వస్తున్నది అందులో సగం కూడా లేదు. ఇన్నేళ్లు ఎవరూ ఆమెను మోసం చేయలేదు. ఎవరూ లెక్క వేయలేదు, అంతే. "ఖాళీగా కూర్చుని కుట్టుకునేదే కదా" అని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఇంట్లో కూర్చుని చేసే పనికి ఇదే పెద్ద చిక్కు. అరుగు మీద చేసే పని పనిలా కనిపించదు. విస్తరాకులు కుట్టేవాళ్లకూ, బీడీలు చుట్టేవాళ్లకూ, అప్పడాలు ఒత్తేవాళ్లకూ ఇదే చిక్కు.

బేరం

తర్వాతి వారం రైసు మిల్లు వీధి నుంచి ఒకావిడ వచ్చింది. చేతిలో రెండు చీరలు ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇవి మా అమ్మవి. అమ్మ పోయి ఏడాది అయింది. బొంత కుట్టిపెట్టు."

పెద్దమ్మ చీరలు తడిమి చూసింది. మంచి నూలు. "కుడతానమ్మా. ఐదు వందలు అవుతుంది."

"అయ్యో, పోయినసారి మా తోడికోడలికి రెండు వందల యాభైకే కుట్టావుగా?"

"కుట్టాను. అప్పుడు నాకు లెక్క రాదు."

"కొట్లో మూడు వందలకు దుప్పటి వస్తుంది పెద్దమ్మా."

"వస్తుంది. మంచిదే, కొనుక్కో. అయితే అది మీ అమ్మ చీర కాదు గదా."

ఆవిడ మాట్లాడలేదు. పెద్దమ్మ లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. సొంత చేత్తో రాసుకున్న కాగితం. అక్షరాలు కొంచెం పెద్దవి, కొంచెం వంకర. ఇలా ఉంది.

చీరలు – 2. పొరలు – 6.
పొడవు – 6 అడుగులు. పన్నా – 4 అడుగులు.
కుట్లు – 7200.
గంటలు – 16.
దారం, సూది – 40 రూపాయలు.
కూలి – 460 రూపాయలు.
మొత్తం – 500 రూపాయలు.

ఆవిడ కాగితం చదివింది. "ఏడు వేల రెండు వందలా? ఎవరు లెక్కపెట్టారు?" అంది.

"నేనే. కావాలంటే నువ్వూ లెక్కపెట్టు. బొంత ఇచ్చాక నీ దగ్గరే ఉంటుందిగా."

ఆవిడకు నవ్వు వచ్చింది. రెండు వందలు బయానా ఇచ్చి వెళ్లింది.

అందరూ అలా ఇవ్వలేదు. ఒకామె చీరలు వెనక్కి తీసుకుపోయింది. ఇంకొకామె నాలుగు వందలకు తగ్గించమని పట్టుబట్టింది. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది. పసిబిడ్డ బొంత చిన్నది కదా అని పెద్దమ్మ రెండు వందలకే కుట్టి ఇచ్చింది. చిన్న బొంతకు ఎన్ని గంటలు పట్టిందో అది కూడా కాగితం మీద రాసుకుంది. తగ్గించినా తెలిసి తగ్గించింది. ఆ నెల బొంతలు తక్కువ వచ్చాయి. డబ్బు మాత్రం పోయిన నెల కన్నా తగ్గలేదు.

పెద్దమ్మ 640 ఎందుకు అడగలేదు? బడిలో అమ్మాయి ఇదే అడిగింది. "ఒక్కసారిగా అంత అడిగితే అందరూ దుప్పటి కొట్టుకు పోతారే. ముందు ఐదు వందలు అలవాటు కానీ" అంది పెద్దమ్మ. వ్యాపారం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

బొంతలు మనమేనా కుట్టేది?

ఈ లెక్క విన్నాక బడిలో ఒకామె అడిగింది. "వేరే దేశాల్లో బొంతలు ఉంటాయా?"

ఉంటాయి. బెంగాలులో బొంతను కాంథా అంటారు. అక్కడ కూడా పాత చీరలే. పూర్వం కుట్టడానికి దారం కూడా చీర అంచు నుంచే లాగి తీసేవారు. పూలు, చేపలు, ఏనుగులు కుడతారు. మన పక్క కర్నాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. వందల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల సంతతి. వాళ్ల బొంతను కవంది అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, గుడ్డ ముక్కలు అతుక్కుంటూ చుట్టూ తిరిగి నడుమకు చేరతారు. చివర నాలుగు మూలలా చిన్న గుడ్డ రేకులు కుడతారు. వాటిని పూలు అంటారు. పూలు లేని బొంత వాళ్ల లెక్కలో పూర్తయినట్టు కాదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. మూడు పక్కలా ఏరు. పత్తి చేలలో పనిచేసిన నల్లజాతి వాళ్ల ఊరు. వాళ్ల తాతముత్తాతలు బానిసలు. అక్కడి ఆడవాళ్లు చలికి తట్టుకోలేక పాత పని బట్టలు, మోకాళ్లు అరిగిన ప్యాంట్లు ముక్కలు చేసి బొంతలు కుట్టుకునేవారు. అప్పట్లో నల్లవాళ్లు ఓటు కోసం పోరాడుతున్నారు. 1962లో ఆ ఊరి పడవ రేవు ఆపేశారు. ఏరు దాటి పట్నం పోవడానికి ఎంతో చుట్టు తిరగాల్సి వచ్చింది. ఆ రేవు మళ్లీ నడిచింది 2006లోనే.

1966లో జీస్ బెండ్, దాని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి బొంతల సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ. ఎవరికి వాళ్లు అమ్ముకోకుండా సంఘం పేరున అమ్మారు. 2002లో హ్యూస్టన్ నగరం మ్యూజియంలో జీస్ బెండ్ బొంతలను గోడలకు వేలాడదీసి చూపించారు. జనం పెయింటింగులను చూసినట్టు నిలబడి చూశారు. 2006లో అమెరికా పోస్టాఫీసు వాళ్లు ఆ బొంతల బొమ్మలతో పది స్టాంపులు వేశారు.

ఇది విని పెద్దమ్మ అడిగిన మాట ఒకటే. "గోడకు వేలాడదీస్తే చలికి ఏం కప్పుకుంటారు?" అందరూ నవ్వారు. కానీ సంఘం సంగతి ఆమె మరిచిపోలేదు. ఊళ్లో బొంతలు కుట్టేవాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు. ఒకరు 250కి, ఒకరు 200కు కుడతారు. మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ దిబ్బరొట్టె పెద్దది వేసింది. నలుగురినీ అరుగు మీదికి పిలిచింది. రొట్టె ముక్కలు చేసి, పాకం పోసి పెట్టింది. తర్వాత కాగితం తీసి చదివి వినిపించింది. ఇద్దరు ఒప్పుకున్నారు. ఇద్దరు ఆలోచించి చెబుతామన్నారు. చారలపిల్లి ఐదో ముక్క ఎత్తుకుపోయింది.

మీరు చేయండి

మీ ఇంట్లో బొంత మీద స్కేలు పెట్టండి. అంగుళానికి ఎన్ని కుట్లు ఉన్నాయి? ఎన్ని వరసలు ఉన్నాయి? మొత్తం కుట్లు గుణించి చూడండి. దాన్ని కుట్టినామె ఇంకా ఉంటే ఆ అంకె ఆమెకు చెప్పండి.

పెద్దమ్మ ఐదు వందలే అడగడం సరైనదేనా? 640 అడగాల్సిందా? నలుగురూ కూర్చుని మాట్లాడండి.

మీరు ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఒకటి తీసుకోండి. కింది ఖాళీలు నింపండి.

పని పేరు: ..............
పట్టిన గంటలు: ..............
నా సొంత ఖర్చు: ..............
వచ్చిన డబ్బు: ..............
మా ఊళ్లో రోజు కూలి: ..............
గంటకు నాకు పడింది: ..............